మృతుడే ముద్దాయి



తెలుగువారు ఆంగ్లమునుండి తెచ్చుకొనిన మాటలలో రైలు, కోర్టు, టికెట్టు వంటివి వస్తువులతోపాటు వచ్చినవి, వస్తువులతోపాటే నిలిచినవి. ఒక్క మాట మాత్రము మన నాలుకపైకి ఎక్కిన పిదప తన వ్యాకరణమునే మార్చుకొన్నది. ఆ మాట ‘ఎన్‌కౌంటర్’. పుట్టినచోట దాని కర్థము ఎదురుపడుట, ఇద్దరు ఒకరికొకరు తారసపడుట. పోలీసు ప్రకటనలలోను, వానిని పొల్లుపోకుండ అచ్చువేయు పత్రికలలోను అది ‘ఎదురుకాల్పులు’ అయినది. ఎదురుకాల్పులు ‘జరిగినవి’ అని వ్రాయుదురు. జరిగినవట! వాన కురిసినట్లు, పొద్దు గ్రుంకినట్లు, ఎవరి ప్రమేయమును లేక వానంతట అవి జరిగినవి. అయితే ఏ బస్సుస్టాండులోని టీకొట్టు చెంతనో ఒక్క నిమిషము నిలిచి వినుడు. ‘వాణ్ణి ఎన్‌కౌంటర్ చేసిండ్రు’ అని వరంగల్లు మనిషి అనును. ‘ఎన్‌కౌంటర్ చేసేశారంట’ అని గుంటూరు మనిషి అనును. ‘జరుగు’ పోయినది, ‘చేయు’ వచ్చినది. కర్త ప్రవేశించినాడు, ద్వితీయావిభక్తిని తగిలించుకొని కర్మయు వచ్చి నిలిచినాడు. ఏ కమిషనును నియమింపకయే, ఏ సాక్షిని బోనెక్కింపకయే, ఈ ప్రజ తన యాభై యేండ్ల అనుభవమును ఒక్క సకర్మక క్రియలో దాచిపెట్టుకొన్నది.

నేడు మీ ముందుంచదలచినది ఈ క్రియాపదపు కథయే. పోలీసువారి తూటా తగిలి మనిషి మరణించినపుడు ఆ మరణమునకు లెక్క చెప్పవలసినవారెవరు, ఎవరి యెదుట చెప్పవలెను, చెప్పించుటకై అర్ధశతాబ్దముగ సాగిన ప్రయత్నము ఏల ఇంత నెమ్మదిగ నడచినది అనునవి అందులోని ప్రశ్నలు. గుంపులపై జరిగిన కాల్పులను, అనగా 1966 నవంబరు 1న విశాఖపట్టణమున, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో జరిగినవానిని, నేనిక్కడ ముట్టను. అవి వేరొక ప్రసంగమునకు చాలినంత విషయము. పైగా అక్కడ వేలకండ్లు సాక్ష్యము పలికినవి. నేను చెప్పబోవునది సాక్షులు లేని కాల్పులను గూర్చి.

తెలుగు దినపత్రిక చదువువారికి ఆ వార్త కంఠస్థము. తెల్లవారుజామున, ఫలానా అడవిలో, విశ్వసనీయ సమాచారముపై గాలింపు జరుపుచున్న పోలీసులకు కొందరు తారసపడిరి. లొంగిపొమ్మని హెచ్చరింపగా వినక కాల్పులకు దిగిరి. ఆత్మరక్షణార్థము పోలీసులును కాల్చిరి. కాల్పులు ఆగిన తరువాత వెదుకగా ఒక మృతదేహము, ఒక తపంచా, ఒక కిట్‌బ్యాగు, కొంత విప్లవసాహిత్యము లభించినవి. తక్కినవారు చీకటిలో తప్పించుకొనిరి. జిల్లా మారును, తేది మారును, పేరు మారును; ఒక్కొక్కప్పుడు ‘గుర్తు తెలియని వ్యక్తి’ అగుటచే ఆ పేరును ఉండదు. వార్త మారదు. మా చిన్నతనమున మా ఊరికి వచ్చు నాటకసమాజమువారికి ఒకే ఒక అడవి తెర ఉండెడిది. రాముని వనవాసమునకు అదే, నలదమయంతులు విడిపోవుటకు అదే, హరిశ్చంద్రుడు కాశికి నడచునపుడు అదే. ఆ తెరపై ఎడమవైపున చిత్రింపబడిన చిరుతపులి తోకను మేము పిల్లలము ప్రతి నాటకమునందును వెదకి పట్టుకొని సంతోషించువారము. ఈ వార్త చదివినపుడెల్ల నాకా తోక కనబడును.

అట్లని ప్రతి ఎదురుకాల్పుల వార్తయు కట్టుకథయని నేననను. తుపాకి పట్టిన నక్సలైటులు అడవులలో నుండిరి. వారు పోలీసులను చంపిరి. వారిని ఎదుర్కొనుటకు గ్రేహౌండ్స్ అను పోలీసుదళమును తీర్చిన ఐ.పి.ఎస్. అధికారి వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియములో పరుగునకు వచ్చి హతుడయ్యెను. 1999 సెప్టెంబరులో మరొక ఐ.పి.ఎస్. అధికారి ఉమేశ్‌చంద్ర నగరపు నడివీధిలో పట్టపగలు నేలకొరగెను. 2008 జూన్‌లో బలిమెల జలాశయమున పడవపై పోవుచున్న గ్రేహౌండ్స్ జవానులు ముప్పదిమందికి పైగా నీటిపాలైరి. వారి యిండ్లలోను తల్లులున్నారు. నిజమైన ఎదురుకాల్పులు ఉండనే యుండవని వాదించువాడు చరిత్రవంక చూడనివాడు. కాని నిజమైనదానికిని బూటకమైనదానికిని ఒకే తెర వ్రేలాడదీసినపుడు, ఇది యిది, అది యది అని తేల్చువాడెవడు? అసలు చిక్కు ఇక్కడనే యున్నది. బూటకపు ఎన్‌కౌంటరు మృతునికి మాత్రమే గాక, నిజముగ ప్రాణాపాయమునకు తలయొగ్గి పోరాడిన పోలీసునకును అన్యాయము చేయుచున్నది. అతని మాటయు నమ్మువాడు లేకపోయినాడు.

చట్టమేమనుచున్నదో చూతము. మన శిక్షాస్మృతిలో ఆత్మరక్షణ హక్కు ప్రతి మనుష్యునకు నున్నది. ఖాకీ తొడిగినవానికి ఎంతయో, పంచె కట్టినవానికిని అంతయే. పోలీసునకు ప్రత్యేకముగ నున్నది అరెస్టు చేయు అధికారము. దానిని ప్రతిఘటించినవానిపై అవసరమైనంత బలము వాడవచ్చును. కాని మరణశిక్షయో యావజ్జీవ శిక్షయో పడదగిన నేరము మోపబడనివాని ప్రాణము తీయు హక్కు ఆ అధికారములో లేదని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 46వ సెక్షను కంఠోక్తిగ చెప్పినది. ఇక 1872 నాటి సాక్ష్య చట్టము 105వ సెక్షను మరింత ముచ్చటైనది. నేనీ పని చేసితిని గాని ఆత్మరక్షణకై చేసితిని అని యెవడైన అన్నచో, ఆ మాటను నిరూపించుకొనవలసిన బరువు వానిపైననే యున్నది. నిరూపించువరకు అట్టి పరిస్థితి లేదనియే న్యాయస్థానము భావింపవలెను. 2024 జూలై 1 నుండి ఈ చట్టముల పేర్లును అంకెలును మారినవి, సారము మారలేదు. మీ యింట దొంగ పడి, మీరు కర్రతో కొట్టగా వాడు చచ్చెననుకొనుడు. మీపై కేసు నమోదగును, దర్యాప్తు జరుగును, ఆత్మరక్షణ యని మీరు చెప్పుకొందురు, న్యాయమూర్తి నమ్మిన విడిచిపెట్టును. ధర్మమైన క్రమమిదియే. మరి యిదే పని పోలీసుచేత జరిగినపుడు ఏమగుచున్నది?

దానిని చూచుటకు ఒక కాగితమును చేతిలోనికి తీసికొనవలెను. ప్రథమ సమాచార నివేదిక, వాడుకలో ఎఫ్.ఐ.ఆర్. అందులో గడులుండును: జిల్లా, ఠాణా, సంవత్సరము, నంబరు, చట్టము, సెక్షనులు, నేరము జరిగిన దినము, వేళ, స్థలము, అది ఠాణానుండి ఏ దిక్కున ఎంత దూరము, ఫిర్యాది పేరు, ముద్దాయి పేరు. నేను జిల్లా కోర్టులో జూనియరు వకీలునై యున్న దినములలో ఇట్టి కాగితపు నకలు ఒకటి నా చేతికి వచ్చినది. ఫిర్యాది గడిలో కాల్పులు జరిపిన పోలీసుదళమునకు నాయకుడైన ఉద్యోగి పేరున్నది. సెక్షనుల గడిలో 307, అనగా హత్యాయత్నము. ముద్దాయి గడిలో ఆ కాల్పులలో మరణించిన యువకుని పేరున్నది. చచ్చినవాడు చంపినవారిని చంపబోయినాడని కేసు! కాగితము నిలువునా చదివితిని. ఒక మనిషి చనిపోయినాడను విషయము అందులో నేరముగ ఎక్కడను లేదు. కొన్ని మాసములకు దానిపై తుది వాక్యము చేరినది: ముద్దాయి మృతి చెందినందున కేసు మూసివేయడమైనది.

నకలు తీయించుమని నన్నడిగినవాడు ఆ యువకుని తండ్రి. చదువు రాదు. నేను చదివి చెప్పుచుండగా భుజముమీది తువాలుతో మొగము తుడుచుకొనుచు వినెను. వినినంతసేపును ఏడ్వలేదు. కడకు, ‘సచ్చింది మా పిలగాడు. మల్ల కేసు గూడ మా పిలగాని మీదనేనా సారూ?’ అని యడిగెను. నేను సెక్షనులు చెప్పబోయితిని. అతడు చేయి అడ్డముపెట్టి, నకలు రుసుము ఎంతయైనదో అడిగి, చిల్లర లెక్కబెట్టి నా బల్లపై పెట్టి లేచిపోయినాడు.

మన వ్యవహారమున కర్మణి ప్రయోగము అరుదు. ‘రాముడు రావణుని చంపెను’ అందుము గాని, ‘రావణుడు రామునిచేత చంపబడెను’ అని బడిలో పరీక్షకు దప్ప అనము. (ఈ ప్రసంగమున నేనును ఆ ‘బడు’ను అక్కడక్కడ వాడుచున్నాను; అలవాటు చెడ్డది.) ఈ ఎఫ్.ఐ.ఆర్. మాత్రము కర్మణిని మించిన ప్రయోగము. ఇందులో కర్తయు కర్మయు తమ స్థానములు మార్చుకొందురు. కాల్చినవాడు బాధితుడు, కాల్పబడినవాడు దోషి. దోషి చచ్చినందున విచారణ అక్కరలేదు. న్యాయమూర్తి వినవలసిన ఆత్మరక్షణ వాదము ఠాణాలోనే, కాల్చినవారి కలముతోనే, ఆ రాత్రియే సిద్ధాంతమై కూర్చున్నది. ముద్దాయి పేరు వ్రాయు ఈ యొక్క గడియే నా ప్రసంగపు విషయము. తక్కినదంతయు దాని చుట్టు తిరుగు కథ.

ఆ కథ శ్రీకాకుళము కొండలలో మొదలైనదందురు. 1970 జూలైలో అక్కడి నక్సలైటు నాయకులు వెంపటాపు సత్యనారాయణయు, ఆదిభట్ల కైలాసమును ఎదురుకాల్పులలో మరణించిరని ప్రకటన వెలువడినది. పిమ్మట అత్యవసర పరిస్థితి వచ్చినది. 1975 జూలైలో, అది ప్రకటింపబడి నెల నిండినంతనే, మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు కాల్పులకు బలియైరి. ఆ చీకటి తొలగిన తరువాత, 1977లో, జయప్రకాశ్ నారాయణ్ పూనికపై విశ్రాంత న్యాయమూర్తి తార్కుండే అధ్యక్షతన ఒక పౌరసంఘము ఏర్పడి ఆంధ్రదేశమునకు వచ్చినది. మన కాళోజీ నారాయణరావుగారు అందులో సభ్యులు; న్యాయవాది కన్నబిరాన్‌గారు దాని పనిని భుజముపై మోసినవారు. వారు ఊరూరు తిరిగి, సాక్షులను విచారించి, ఇవి ఎదురుకాల్పులు కావు, పట్టి తెచ్చి చేసిన హత్యలని తేల్చిరి. దేశమంతట సంచలనము కలిగెను. ప్రభుత్వము న్యాయమూర్తి భార్గవ కమిషనును నియమింపక తప్పలేదు. బహిరంగముగ సాక్ష్యములు వెలువడుచుండగా, ఇక తలుపులు మూసి వినవలెనను తలంపు ప్రభుత్వమునకు కలిగినది. మూసిన తలుపులలోనికి తాము రామని బాధితుల పక్షము న్యాయవాదులు తప్పుకొనిరి. కమిషను అంతటితో ఆగిపోయినది. మొదటి ప్రయత్నము అట్లు ముగిసినది.

రెండవదానికి ఇరువది యేండ్లు పట్టినది. నడుమ వచ్చిన ప్రభుత్వములు పార్టీ భేదము లేక ఒకే తీరున నడచినవి. ప్రతిపక్షమున నున్నప్పుడు న్యాయవిచారణ కోరుట, గద్దె నెక్కిన పిదప పతకములు పంచుట వారికి పరిపాటియైనది. 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడుగ పుట్టిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము మాత్రము ఊరూరు తిరిగి నిజనిర్ధారణ చేయుట మానలేదు. ఆ పనిలో వారి ఉపాధ్యక్షుడు, పిల్లల డాక్టరు రామనాథము 1985లో వరంగల్లులో తన వైద్యశాల వద్దనే హతుడయ్యెను. కాకతీయ విశ్వవిద్యాలయమున గణితము బోధించు బాలగోపాల్, సిద్ధాంతములు నిరూపించు ఓర్పుతోనే ఒక్కొక్క మరణమును నిరూపించుచు తిరిగెను. ఆ సంఘము వేసిన ఫిర్యాదుపై జాతీయ మానవహక్కుల కమిషను విచారించి, 1996 నవంబరులో ఆంధ్రప్రదేశ్ కేసులలో ఉత్తర్వు లిచ్చెను. మరుసటి సంవత్సరము మార్చి 29న కమిషను అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రముల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాసెను. పోలీసులకు ఇతరుల ప్రాణము తీయు ప్రత్యేకపు హక్కు ఏదియు లేదు. ఎన్‌కౌంటరు మరణపు వార్త అందగనే నేరము జరిగియుండునను అనుమానమునకు అది చాలును. కాల్చినవారు ఏ ఠాణావారో ఆ ఠాణావారే దర్యాప్తు చేయరాదు, సి.ఐ.డి. వంటి వేరు సంస్థకు అప్పగింపవలెను. ఇవి ఆ లేఖలోని సారము. లేఖలు అందినవి. ఫైళ్లలో చేరినవి. గడిలోని పేరు మారలేదు.

అన్నిటిలోను నాకు మిక్కిలి గొప్పగ కనబడునది 2009 ఫిబ్రవరి 6. ఆ దినమున ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు ఐదుగురు న్యాయమూర్తుల విస్తృత ధర్మాసనము, జస్టిస్ గోడా రఘురామ్ ఆధ్వర్యమున, ఈ గడినే నేరుగ పట్టుకొన్నది. పోలీసు చేతిలో మనిషి మరణించినచో అది నరహత్యకు సంబంధించిన సమాచారము. ఆ మేరకు కేసు నమోదు కావలసినదే. ఆత్మరక్షణ యనునది పోలీసులు విచారణలో నిరూపించుకొనవలసిన వాదము. దర్యాప్తు అధికారి తనంతట ‘ఆత్మరక్షణయే’ యని వ్రాసి మూసిన మాత్రమున అది తుదిమాట కాదు. మేజిస్ట్రేటు తన బుద్ధితో పరిశీలింపవలెను. నూటముప్పది యేండ్లకు పైబడిన సాక్ష్యచట్టమును ఉన్నది ఉన్నట్లు చదివినారు, అంతే. కొత్త సంగతి ఒక్కటియు చెప్పలేదు. అయినను నెల తిరుగకమునుపే, పోలీసు అధికారుల సంఘము మొరపై, సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును నిలిపివేసినది. పౌరహక్కులవారు ముప్పది యేండ్లకు పైగ త్రవ్విన బావిలో నీరు పడిన నెలలోనే మూత వేసిరి.

2014 సెప్టెంబరు 23న అదే సర్వోన్నత న్యాయస్థానము మహారాష్ట్రలోని ఎన్‌కౌంటరులపై వచ్చిన కేసులో పదునారు మార్గదర్శకములు చెప్పినది. వానిలో మంచివి కలవు. దర్యాప్తు సి.ఐ.డి.యో వేరొక ఠాణావారో చేయవలెను. కాల్చిన ఆయుధములు పరీక్షకు అప్పగింపవలెను. మృతుని బంధువులకు తెలుపవలెను. సాహసము నిస్సందేహముగ రుజువగువరకు వరుస తప్పించి పదోన్నతులు, వెనువెంటనే పతకములు ఇయ్యరాదు. ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావలెనని కూడ చెప్పిరి. ఎవరిపై నమోదు కావలెనో ఆ వాక్యమున లేదు. ఐదుగురు న్యాయమూర్తులు తెరచిన తలుపు అక్కడ ఓరవాకిలి అయినది. ఓరవాకిలి చాలును కదా!

పదునారు మార్గదర్శకములకు ఏడు నెలలు నిండకమునుపే, 2015 ఏప్రిల్ 7న, ఒకే దినమున, విడిపోయి యేడాదియైన నిండని రెండు తెలుగు రాష్ట్రములలోను రెండు కాల్పులు. శేషాచలము అడవులలో, తిరుమల కొండ కనబడుచోట, ఎర్రచందనము కొట్టవచ్చిన తమిళనాటి కూలీలు ఇరువదిమంది టాస్క్‌ఫోర్సు కాల్పులలో హతులైరి. అదే ఉదయమున వరంగల్లు జైలునుండి హైదరాబాదు కోర్టునకు విచారణఖైదీలను తీసికొనిపోవుచున్న పోలీసు వ్యానులో, ఆలేరు సమీపమున, ఐదుగురు ఖైదీలు చనిపోయిరి. వారికి కాపలాగ పదునేడుగురు పోలీసులు. ఒకడు దారిలో దిగవలెనని అడిగి, తుపాకి లాగుకొనబోయినందున కాల్చితిమని ప్రకటన. మరునాటి పత్రికలలో ఫొటోలు వచ్చినవి: సీట్లలో ఒరిగిన దేహములు, చేతులకు బేడీలు. చేతికి బేడి యుండగా, ఆ బేడి సీటునకు తగులుకొని యుండగా, తుపాకి లాగుట ఎట్లు సాధ్యమని సామాన్యుడు అడిగెను. రెండు ప్రభుత్వములును ప్రత్యేక దర్యాప్తు బృందముల నేర్పరచినవి. దర్యాప్తు చేయువారు ఎవరు? పోలీసులే.

ఇక చటాన్‌పల్లి. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు శివారులో పశువైద్యురాలైన ఒక యువతిని చెరచి, చంపి, షాద్‌నగరు సమీపమున చటాన్‌పల్లి వంతెన క్రింద దహించిరి. ఆ ఘోరము విన్నవాని రక్తము ఉడుకకున్న వాడు మనిషి కాడు. నలుగురిని పట్టుకొనిరి. డిసెంబరు 6 తెల్లవారకమునుపు వస్తువులు చూపింపవలెనని వారిని అక్కడికే కొనిపోయిరి. అక్కడనే నలుగురును కాల్పులలో మరణించిరి. మట్టి కండ్లలో చల్లి, పిస్తోళ్లు లాగుకొని కాల్చిరని పోలీసుల మాట. తెల్లవారిన తరువాత జనము ఆ వంతెనపై నిలిచి క్రింద నున్న పోలీసులపై పూలరేకులు చల్లిరి. ఠాణాలో మాత్రము ఎప్పటి కాగితమే సిద్ధమైనది. ముద్దాయి గడిలో మృతులు నలుగురు.

పూలు చల్లినవారిని నేను తిట్టబోను. వారి కోపము కపటము కాదు. ఆడపిల్ల కేసు కోర్టులో ఏండ్లతరబడి ఊగిసలాడుట చూచి చూచి విసిగినవారు. కాని ఆ పూలు చల్లిన చేతులే ‘ఎన్‌కౌంటర్ చేసిండ్రు’ అని పలుకు నోళ్ల సొంతదారులవి అను సంగతి మరువరాదు. జరిగినదేమో ప్రజకు తెలియును. తెలిసియే చప్పట్లు కొట్టినది. ఈ దేశమున సంస్కరణ ఏల నత్తనడక నడచుచున్నదని అడుగువారు, నిందయంతయు సచివాలయముపై త్రోసివేయక, ఆ వంతెనవైపును ఒకమారు చూడవలెను.

ఆరు దినములకు సర్వోన్నత న్యాయస్థానము తానే కలుగజేసికొని, విశ్రాంత న్యాయమూర్తి సిర్పూర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషనును నియమించెను. ఆరు మాసముల గడువు. కరోనా వచ్చినది, గడువులు పెరిగినవి. 2022 జనవరి 28న 387 పుటల నివేదిక చేరినది. పిస్తోళ్లు లాగుకొని కాల్చిరనుట నమ్మదగినది కాదు. చంపవలెననియే బుద్ధిపూర్వకముగ కాల్చిరి. అక్కడ నున్న పదిమంది పోలీసులను హత్యానేరముపై విచారింపవలెను. అంతేగాక, మృతులలో ముగ్గురు నాటికి మైనరులు. ఇవి కమిషను నిర్ణయములు. ఆ పుటలలో కర్త తిరిగి తన స్థానమునకు వచ్చినాడు, కర్మ తన స్థానమునకు వచ్చినాడు. మే 20న ఆ నివేదికను బయటపెట్టి, పైచర్యలకై తెలంగాణ ఉన్నత న్యాయస్థానమునకు పంపిరి. పోలీసులు దానిని అక్కడ సవాలు చేసిరి. ఇక వాదములు, వాయిదాలు.

ఆ పదిమందిని తలచుకొనినను నాకు ఒక విధమైన జాలి కలుగును. తెల్లవారకమునుపు ఆ వంతెనకడకు పోవలెనని కానిస్టేబు లెవడును తనంతట నిర్ణయించుకొనడు. మన పోలీసు వ్యవస్థ 1857 తిరుగుబాటు చల్లారిన పిదప, 1861 చట్టముచే, తెల్లదొరతనము ప్రజను అదుపులో పెట్టుకొనుటకు కట్టినది; పైవాని మాట క్రిందివాడు అడుగకుండ చేయుట దాని పునాది. స్వతంత్ర భారతము ఆ పునాదిని తవ్విచూచుటకు 1977లో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషనును వేసినది. 1981 నాటికి ఎనిమిది నివేదికలు తయారైనవి, అలమరలో చేరినవి. విశ్రాంత పోలీసు అధికారి ప్రకాశ్‌సింగ్, తన శాఖను తానే బాగుచేయవలెనను పట్టుదలతో, 1996లో సర్వోన్నత న్యాయస్థానము మెట్లెక్కెను. పదేండ్లకు, 2006 సెప్టెంబరు 22న, ఏడు ఆదేశములు వెలువడినవి. దర్యాప్తును శాంతిభద్రతలనుండి వేరుచేయుట, రాజకీయ ఒత్తిడినుండి పోలీసును కాపాడుట, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు స్వతంత్ర ప్రాధికారసంస్థలు పెట్టుట అందులోనివి. రాష్ట్రములు వానిని ఎట్లు అమలుపరచెనో వర్ణించుటకు నాకున్న వ్యవధి చాలదు. తప్పించుకొనుటలో చూపిన చాతుర్యమును పాలనలో చూపియుండిన మనమెచ్చటనో యుందుము.

అయినను ఆ గడిలో పేరు మారిన చోటొకటి కలదు. ఉత్తరప్రదేశమున, పిలిభీత్ జిల్లాలో, 1991 జూలైలో, బస్సులో యాత్రకు పోవు సిక్కులను దింపి పదిమందిని ఎన్‌కౌంటరు పేర చంపిరి. 2016 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానము 47 మంది పోలీసులకు యావజ్జీవము విధించెను. ఇరువదియైదేండ్లు! 2022 డిసెంబరులో ఉన్నత న్యాయస్థానము దానిని ఏడేండ్లకు తగ్గించెను. అయినను అక్కడ ముద్దాయి గడిలో కాల్చినవారి పేర్లు చేరినవి, దర్యాప్తు సి.బి.ఐ. చేతికి పోయినందున చేరినవి. ఆలస్యమైనను త్రోవ ఉన్నదనుటకు ఇది దృష్టాంతము. త్రోవ ఆ గడిగుండనే పోవును, వేరొక దారి లేదు.

నా ప్రసంగపు సమయము ముగియవచ్చినది. ఒక్క విన్నపము. రేపో మాపో మీ పత్రికలో ఆ పాత తెర మరల దిగును: తెల్లవారుజాము, అడవి, తపంచా, ఆత్మరక్షణ. చదివి మడిచిపెట్టకుడు. మీ ఊరి విలేఖరి మీకు తెలిసినవాడే అయియుండును. అతనిని ఒక్కటి అడుగుడు, ఆ కేసులో ముద్దాయి గడిలో ఎవరి పేరు వ్రాసిరో కనుగొని రమ్మనుడు. చెప్పలేకపోయినచో ఠాణా పేరును, కేసు నంబరును మీరే వ్రాసికొని, సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుడు.